మగ్దలేనమ్మ ఆషాఢం

జమ్మికుంట పత్తి మార్కెట్ వెనుక సందులో, పెళ్లి వీడియోలు తయారుచేసే శ్యాంసుందర్ మిక్సింగ్ సెంటర్. మనుమరాలు ఆరాధన పెళ్లి వీడియో ఎంతవరకు వచ్చిందో చూద్దామని, ఆ మనుమరాలికి కూడా చెప్పకుండా, మగ్దలేనమ్మ ఒక్కతే వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఆపు, ఆపు! ఆడనే ఆపు. గదేంది శ్యామూ?"

"ఏది అమ్మమ్మా?"

"గా చీర. మా ఆరాధన చీర ఏ రంగున్నది?"

"తెలుపు."

"జర కండ్లు తుడుసుకొని చూడు."

"తెలుపే. జర గంధం రంగు కొట్టింది, గంతే. లైటింగుది."

"గంధమా? పసుపు! అచ్చం పసుపు! మెథడిస్టు పెండ్లిల తెల్లచీర కట్టుకున్న పిల్లను తీస్కపోయి పసుపుల ముంచినవ్. పాస్టరయ్య అంగీ సుత పసుపే. గా కేకు చూడు, బెల్లం ముద్ద తీరుగ కనవడ్తుంది."

"మెల్లగ అమ్మమ్మా. బయట గిరాకీ ఉన్నది."

"ఉండనియ్యి. విననియ్యి."

"నాకెందుకో నువ్వు సంబురపడుతున్నట్టు కొడుతుంది."

"నాకేం సంబురం? నాకు పరేషాను. మస్తు పరేషాను. ఇగ ఇదంత మొదటి నుంచి మల్ల చెయ్యాలె గద?"

"చేస్త. తప్పు నాదే. హుజురాబాద్ కాడ ఒక పెండ్లి చేసిన, దానికి పెట్టిన లట్టే దీనికి సుత పెట్టిన."

"ఏం పెట్టినవ్?"

"లట్."

"పెండ్లంటే లడ్డు పెడ్తరు గని, వీడియోల ఎందుకు పెట్టినవ్?"

"లడ్డు కాదు. లట్. ఎట్ల చెప్పాలె నీకు... నువ్వు మిషన్ బడిల ఆయమ్మగ ఉన్నప్పుడు మాకు ఎక్కాలు చెప్తుంటివి గద?"

"చెప్తుంటి. నీ చీమిడి సుత తుడుస్తుంటి."

"అది ఇడువు. ఏడెనిమిదులెంత అని అడిగితే ఆలోచించకుంట ఏమనాలె?"

"యాభయ్యారు."

"గట్లనే. తెలుపొస్తే ఏ రంగు చెయ్యాలె, నలుపొస్తే ఏ రంగు చెయ్యాలె, అన్ని గా లట్‌ల ముందుగాల్నే రాసి ఉంటయి. కంప్యూటరు ఆలోచించది. ఉత్తగ అప్పజెప్పుతది."

"మరి మా తెలుపు అడిగితే పసుపని అప్పజెప్పిందేంది?"

"అది పసుపు దంచే పెండ్లిండ్లకు రాసిన ఎక్కం అమ్మమ్మా."

"నువ్వప్పుడు సుత గంతే. ఏడెనిమిదులంటే నలభై అంటుంటివి."

"ఇంకా యాదున్నదా నీకు?"

"నాకన్ని యాదుంటయి. అదే నా రోగం. సరే గని, ఎన్ని ముక్కలున్నయి ఇందుల?"

"క్లిప్పులా? ఆరేడు వందలుంటయి."

"ఆరేడు వందలా! అయ్యో, పాపం. ఒక్కొక్క క్లిప్పు విప్పి, పసుపంత కడిగి, మల్ల రంగేసి, ఆరవెట్టి..."

"ఆరవెట్టుడేంది?"

"ఏదో ఒకటి. ఎంత లేదన్నా నెల పడ్తది గద బిడ్డా? పట్టనియ్యి. మేమేం తొందరవెడ్తలేం. నెల కాకుంటే రెండు నెలలు."

"నెలా? నా పనితనమంటే ఏమనుకున్నవ్ అమ్మమ్మా? ఒక్క నిమిషం."

"ఏందీ?"

"నిమిషం సుత ఎక్కువే."

"ఆరేడు వందలకు?"

"ఆరేడు వందలకు. మీ చర్చిల తూర్పు కిటికీకి పచ్చ అద్దం ఉన్నది గద. పొద్దుగాల ఎండ అందులకెళ్లి వస్తే లోపట కూసున్నోళ్లందరు పచ్చగ కనవడ్తరు. ఒక్కొక్కలు మొఖానికి రంగు పూసుకొని వస్తరా? పూసుకోరు. అద్దం ఒక్కటే. గిదిగో, ఈ పైన పొడుగ్గ గీత తీరుగున్నదే, ఇది అద్దం. కింద ఉన్నయన్ని క్లిప్పులు. లట్‌ను పట్టుకొచ్చి ఈ అద్దం మీద వేస్తే సాలు, కిందున్నయన్ని అదే రంగైతయి. అద్దం మారిస్తే అన్ని మారుతయి. చూడు, ఇట్ల పట్టుకొని..."

"వద్దు! ముట్టకు!"

"ఏమాయె?"

"గా ఎలుక మీదికెళ్లి చెయ్యి తియ్యి."

"చెయ్యి తీస్తే ఎట్ల చెయ్యాలె అమ్మమ్మా?"

"నిమ్మళంగ చెయ్యాలె. అందరికి ఒకటే అద్దమంటే ఎట్ల? మా ఆరాధన చామనచాయ. పెండ్లిపిలగాడు సాల్మన్ బొగ్గు బాయిల పనిచేసేటోడు, నలుపు. పిల్ల అత్త లిడియా ఆ రోజు డబ్బ పౌడరు పూసుకొని వచ్చింది. ముగ్గురికి ఒక్కటే లడ్డంటే న్యాయమేనా? ఒక్కొక్కలను చూసి, చేతితోని, ఒక్కొక్క క్లిప్పుకు వేరుగ వెయ్యి."

"గట్ల ఎవ్వలు వెయ్యరు."

"నువ్వు వెయ్యి. పేరొస్తది."

"పేరు కాదు, పిచ్చి లేస్తది. ఆగు, ముందుగాల పసుపైతే తీసేస్త. అగో, పాయె."

"అయ్యో ప్రభువా! గిదేంది?"

"ఇది అసలు బొమ్మ. కెమెరా గిట్లనే బూడిద రంగుల తీస్తది. తర్వాత మనం రంగు..."

"పెండ్లి చేసినమా, భస్మ బుధవారం చేసినమా? అందరు పదిదినాల సంది ఉపాసమున్నట్టున్నరు."

"ఇప్పుడు చూడు. చర్చి పెండ్లిండ్లకని నా దగ్గర వేరే లట్ ఉన్నది. తెలుపును తెలుపే అంటది. ఇది పట్టుకున్న... అద్దం మీద వేసిన... అయిపాయె."

"అయిపాయెనా?"

"అయిపాయె. చూడు, చీర మల్లెపూవు తీరుగ."

"అన్నిటికా?"

"అన్నిటికి."

"గా చివరి దాకా?"

"చివరి దాకా. కేకు సుత తెల్లగైంది. ఇగ సంబురమేనా?"

"మస్తు సంబురం."

"మొఖమేంది గట్ల వేలాడేసినవ్?"

"నా మొఖమే గంత. ఆ... ఆ అప్పగింతలు చూపియ్యి. అండ్ల తప్పుంటది."

"చూడకముందే ఎట్ల ఎర్క?"

"ఉంటది. చూపియ్యి. అగో! చెప్పలేదా? నేను నీలంగున్న."

"అది కావాల్నని పెట్టిన. దుఃఖం కనవడాల్నని ఆ ఒక్క కాడ జర నీలం లట్ వేసిన."

"నన్ను అప్పుడే పెట్టెల పండవెట్టి మూత వెయ్యనీకి వచ్చినట్టున్నవ్. మూతి సుత నీలమే. తియ్యి. ఇది తియ్యనీకి ఎన్ని దినాలు పడ్తది?"

"అయిపాయె."

"నీ పాడుగాను! నోట్ల మాట నోట్లనే ఉన్నది!"

"అమ్మమ్మా, నిజం చెప్పు. నీకు వీడియో కావాల్నా, వద్దా?"

"కావాలె. ఎందుకు వద్దు? ఫిలిం తీసినంక చూడద్దా?"

"మరి?"

"మరేం లేదు."

"మరేం లేకుంటే వీడియో ఇయ్యాల్నే ఇచ్చేస్త. ఆరాధనకు ఫోన్ కొట్టి..."

"కొట్టకు! జర ఆగు. మీకు ఆషాఢం ఉన్నది శ్యామూ."

"ఆషాఢమా? నడుస్తుంది. అయితే?"

"మీకున్నది. మాకేమున్నది?"

"నాకు సమజ్ అయితలేదు."

"మా పక్కింటి కిష్టవ్వ మనుమరాలు పెండ్లయి నెల తిరుగలే, సంచి సదురుకొని వచ్చి కూసున్నది. ఎందుకొచ్చినవని ఎవ్వలన్న అడిగిండ్రా? ఆషాఢం అన్నది కిష్టవ్వ. గంతే, అందరి నోర్లు బందువడ్డయి. మొగడు మాట్లాడడు, అత్త మాట్లాడది. మా పిల్ల నాలుగు దినాలు ఎక్కువుంటే సాలు, ఏమాయె, పడ్తలేదా, కొట్టుకున్నరా అని వాడకట్టంత అడుగుతది. మా పాస్టరయ్యను సుత అడిగిన."

"ఏమని?"

"వాక్యంల ఆషాఢం తీరుగ ఏదన్న ఉన్నదా అయ్యగారూ, జర వెతికి చెప్పుండ్రి అని."

"వెతికిండా?"

"పెండ్లైనంక మొగోడు అవ్వను, బాపును ఇడిసి పెండ్లాంతోని ఉండాల్నని రాసున్నదన్నడు. ఇడిసేది మొగోడు గదయ్యా, మరి మా పిల్లనెందుకు రైలెక్కిస్తుండ్రు అన్న."

"అప్పుడేమన్నడు?"

"ప్రార్థన చేసుకుందాం అన్నడు."

"ఓరి దేవుడా! అంటే అమ్మమ్మా, ఆరాధనను పంపద్దని..."

"అది ఆల్బం ఫోటోలు ఏరనీకి వచ్చింది. వీడియో తీసుకొనే వస్తనని నస్పూర్ల అత్తగారింట్ల చెప్పి వచ్చింది. వీడియో ఉన్నన్ని దినాలు ఉంటది, వీడియో చేతుల పడితే పోతది. పసుపు కనవడంగనే నాకు పాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఆషాఢం దొరికిందనుకున్న. నువ్వేమో ఒక్క వత్తుడుకు ఊడవెరికినవ్."

"నస్పూర్ ఎంత దూరం అమ్మమ్మా? రైలెక్కితే చాయ్ తాగేలోపట మంచిర్యాల వస్తది. ఆడికెళ్లి ఆటో."

"దూరం కాదు బిడ్డా, రైలు. ఆరాధన అవ్వను, నా బిడ్డ మమతారాణిని, ఇదే టేషన్ల ఎక్కించిన. నాగపూర్ల నర్సు నౌకరి. పిల్లను జర చూస్తుండవ్వా, నెలకొస్త అన్నది. ఆడనే జరమొచ్చి పాయె. గప్పటి సంది చూస్తనే ఉన్న ఈ పిల్లను. రైలు కూస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగది."

"ఆరాధనకు చెప్పరాదు, ఇంకొన్ని దినాలు ఉండుమని?"

"ఎట్ల చెప్త? అది రోజు లేవంగనే, శ్యాముగాడు వీడియో ఇచ్చిండా, ఇంక ఇయ్యలేదా అని నా పాణం తింటుంది. పోవాల్నని దానికి ఆత్రం. కొత్త పెండ్లి, తప్పేమున్నది. నేను సుత పో బిడ్డా, మొగడు ఎదురుసూస్తుంటడు అనే అంటున్న."

"అంటున్నవా?"

"అంటున్న. నోటితోని. నవ్వుతున్నవెందుకు?"

"నవ్వుతలేను."

"పండ్లు కనవడ్తున్నయి."

"అమ్మమ్మా, నీకొక మాట చెప్పాలె గని... ఆగు. ఫోను."

"ఎవ్వలు?"

"సాల్మన్."

"ఎత్తకు."

"పొద్దటి సంది మూడోసారి."

"అయితే ఎత్తు. నేనీడ లేను, సమజైందా? గదేదో పెద్దగ వినవడే దాంట్ల పెట్టు."

ఫోనులో నస్పూర్ నుంచి, ఆరాధన భర్త సాల్మన్ గొంతు.

"శ్యామన్నా, బాయి దిగేముంగట చేస్తున్న. వీడియో ఎంతదాకొచ్చింది?"

"వస్తుంది తమ్మీ. జర రంగులు..."

"పోయినసారి సుత రంగులే అంటివి. తెల్లచీరకు పసుపు కొట్టిందని ఆరాధన చెప్పింది. అయినా ఇన్ని దినాలా? మా అవ్వ స్త్రీల సమాజంల అందరికి చూపిస్తనని చాటింపేసింది."

"చేస్తున్న తమ్మీ. ఆరేడు వందల క్లిప్పులు."

"అన్నా, నాకు రంగులేం వద్దు. నలుపు తెలుపుల ఇచ్చినా తీస్కుంట. బాయిల మాకన్ని నలుపే. ఆమె వస్తే సాలు."

"అర్థమైంది."

"రోజు షిఫ్టుకు పోయేముంగట ఫోన్ చేసి, జాగ్రత్తగ దిగు, పైలం అంటది. ఫోన్‌ల అంటే ఏం లాభమన్నా? 'పై' వినవడ్తది, 'లం' సిగ్నల్‌ల పోతది. గడప కాడ నిలవడి అనాలె. అంటే, లోపటికెళ్లి పైకి వచ్చిందాక అదే చెవులుంటది... దగ్గిందెవ్వలు అన్నా?"

"గిరాకీ."

"మా అమ్మమ్మ దగ్గు తీరుగున్నది."

"ముసలోళ్లందరు గట్లనే దగ్గుతరు తమ్మీ."

"అమ్మమ్మా? బాగున్నవా?"

"బాగున్న బిడ్డా. నేనీడ లేను గని, బాగున్న."

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. అవ్వ టమాట వండింది. ఎంత తిన్నా రుచి తెలుస్తలేదమ్మమ్మా."

"శనివారం నీకు సెలవున్నదా?"

"ఉన్నది. ఎందుకు?"

"రా. వీడియో, పిల్ల, రెండు తయారుంటయి."

"నిజంగనా? శ్యామన్నా, నిజమేనా?"

"అమ్మమ్మ చెప్పినంక ఇగ నాదేమున్నది తమ్మీ?"

"పెట్టెయ్యి బిడ్డా, షిఫ్టు యాళ్లైతుంది. మెల్లగ దిగు. పైలం. వినవడ్డదా?"

"వినవడ్డది అమ్మమ్మా. మొత్తం వినవడ్డది."

ఫోను పెట్టేశాడు.

"ఇగ దాంట్ల ఎక్కియ్యి శ్యామూ. గా చిన్నదాంట్ల."

"పెన్‌డ్రైవ్‌లనా? అమ్మమ్మా, జర ఆలోచించుకో."

"ఏం ఆలోచిస్త? పోరడు భూమి లోపటికి పోతుండు. గడప కాడ పైలం అననీకి మనిషి ఉండద్దా? నేను ముసల్దాన్ని, నాకేం బాయి ఉన్నదా, షిఫ్టున్నదా? ఎక్కియ్యి."

"ఎక్కుతుంది. అంటే... ఎక్కింది."

"నీ పనితనానికి దండం. తే ఇటు."

"ఇగో. ఆరాధనకు నేనే తెచ్చిస్తనంటే..."

"ఆగు. ఒక్క మాట."

"ఏంది?"

"ఇప్పుడు సాల్మన్ ఏమన్నడు? తెల్లచీరకు పసుపు కొట్టిందని ఆరాధన చెప్పింది అన్నడు."

"అన్నడా? నేను వినలే."

"నేను విన్న. పసుపు సంగతి నేను ఇయ్యాల్నే గద చూసింది. ఇంటికి పోయి చెప్పను సుత చెప్పలే. మరి దానికెట్ల ఎర్కైంది?"

"ఎవ్వలో చెప్పుంటరు."

"ఎవ్వలు? కంప్యూటరు నీది, దుకాణం తాళం నీది."

"అమ్మమ్మా, చాయ్ తాగుతవా? అల్లం చాయ్ చెప్త."

"తాగ. చెప్పు."

"ఒట్టు పెట్టించుకున్నది."

"నీకు ఎక్కాలు నేర్పిన నోరు అడుగుతుంది. చెప్పు."

"నన్ను తిట్టద్దు మరి. వీడియో ఎప్పుడో అయిపోయింది అమ్మమ్మా. చీర తెల్లగనే ఉండె. ఆరాధన వచ్చి, గిదే కుర్చీల కూసొని, మొత్తం చూసి, శ్యామూ దీన్ని ఖరాబ్ చేసియ్యి అన్నది."

"ఖరాబా?"

"నేను చెయ్యనన్న. ఆమెనే ఎలుక గుంజుకొని గా పసుపు లట్ వేసింది, ఒక్కసారే అన్నిటికి. సాల్మన్‌కు, అత్తకు ఏం చెప్తవంటే, రంగు పాడైందని చెప్త అన్నది. ఎవ్వలన్న వచ్చి అడిగితే నెల పడ్తదను అని నాకు చెప్పి పోయింది. నువ్వడిగితే నేను గొప్పకు పోయి నిమిషమంటి."

"మరి ఇంట్ల రోజు వీడియో ఇచ్చిండా, వీడియో ఇచ్చిండా అంటుంది?"

"నువ్వు రోజు పో బిడ్డా, పో బిడ్డా అంటున్నవట. పోనని అంటే అమ్మమ్మ తిడుతది, వీడియో మీద వేసి ఉంటున్న అన్నది. ఆమెది సుత నోటితోనే అమ్మమ్మా... ఏడుస్తున్నవా?"

"పత్తి దుమ్ము."

"ఈ గల్లీల పత్తి దుమ్మెక్కడిది?"

"జమ్మికుంటల ఎక్కడన్న ఉంటది. దొంగపోరి! నాతోనే ఆట."

"పెన్‌డ్రైవ్ ఏం చేస్తున్నవ్? అక్కడ దోపుతున్నవేంది?"

"బొడ్లె ఉంటే ఎవ్వలకు కనవడది. శనివారం సాల్మన్ వచ్చి గడప తొక్కినంక తీస్త."

"అప్పటిదాక ఆరాధన అడిగితే?"

"శ్యాముగాడు ఆరేడు వందల క్లిప్పులు ఒక్కొక్కటి విప్పి, చేతితోని రంగేసి, ఆరవెడుతుండు అని చెప్త."

"ఆమె చూసింది గద అమ్మమ్మా, ఒక్క వత్తుడుకు అన్ని అయితయని. నమ్ముతదా?"

"నమ్మది. అయ్యో, ఇంకా ఆరలేదా అమ్మమ్మా అని అడుగుతది చూడు."